ఆవులు విడిచిన దారి

ఏడేళ్ళ మా కూతురు అలివేలు చనిపోయిన మరుసటి ఏడు, 1977లో, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, వీపున సంచితో తెలియని ఊళ్ళు నడిచాను. పోయినవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని మఠాల్లో అడిగాను. ఎవరి జవాబూ మనసుకు ఆనలేదు.

అంచెట్టి అనే ఊరు దాటాక అడవిలో చీకటి పడింది. పశువుల కాపరి దాసప్ప తన మంద దగ్గర పడుకోమన్నాడు. ఆవుల మధ్య ఖాళీ చూసి దుప్పటి పరిచాను.

“ఏం అయ్యవారూ, పడుకునేదానికి ఆడనే తావు దొరికిందా మీకు? అది దావ. ఈ పక్కకి రాండి.”

“ఎవరి దారి?”

“పోయినోళ్ళది. తెలిసినోళ్ళు అనిపించినా పిలవద్దండి. పిలిస్తే ఈడే నిలిచిపోతారు.”

నవ్వి పక్కకు జరిగాను.

నడిరేయి మెడగంటలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆవులు లేచి, రెండు వైపులకూ ఒత్తుకొని తలలు వంచాయి. ఒక్క దూడ మాత్రం దారిలోకి మెడ చాచి గాలిని నాకసాగింది. చిన్నపిల్ల అరచెయ్యి ఉండే ఎత్తులో. నాలుక గరగర స్పష్టంగా వినిపిస్తోంది. అలివేలు దూడలకు ఉప్పు అలాగే అరచేతిలో పెట్టి నాకించేది.

నా చేతులు వాటంతట అవే జోడయ్యాయి. పేరు నోటిదాకా వచ్చింది. దాసప్ప నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

నేను పిలవలేదు.

అయినా దూడ, అదే అరచేతి ఎత్తులో గాలిని నాకుతూనే, ఒక్కొక్క అడుగే నా వైపు రాసాగింది.