సీసా మీద పేరు

"తేజ మిరప అని రాసిన ప్యాకెట్లో బజ్జీకాయ విత్తనం పోసి అమ్మావు. నా మూడెకరాల కౌలు చేను ముంచింది నువ్వే."

కోటేశ్వరి గోనెసంచిని కౌంటరు మీద బోర్లించింది. బొటనవేలంత లావు మిరపకాయలు దొర్లాయి. ఎండితే రంగు లేదు, కొరికితే ఘాటు లేదు. గుంటూరు యార్డులో వీటిని ఎవడూ ముట్టుకోడు.

విత్తనాల షాపు వెంకటనారాయణ కుర్చీలోంచి లేవలేదు. వెనక అద్దాల బీరువాలోంచి ఒక సీసా తీసి కాయల పక్కన పెట్టాడు.

"ఇదేంటో తెలుసా? చిలీ దేశం రెడ్ వైను. కంపెనీ వాళ్ళు డీలర్లని టూరు తీసుకెళ్తే తెచ్చా. కొల్చాగ్వా అని ఒక లోయ. ఒక పక్క మంచుకొండలు, కింద కనుచూపుమేర ద్రాక్షతోటలు..."

"మిరపకాయ సంగతి చెప్పవయ్యా," అన్నాడు మాలిక్. కోటేశ్వరి పక్క చేను అతనిది. అతని చేలోనూ ఇవే కాయలు.

"అదే చెప్తున్నా. వాళ్ళు ఫ్రాన్సు నుంచి తీగలు తెచ్చుకుని, మెర్లో అనే ద్రాక్ష రకం అనుకుని వందేళ్ళకు పైగా పెంచారు. ముప్పై ఏళ్ళ కిందట ఒక పండితుడొచ్చి, ఆకు తిప్పి చూసి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని వేరే రకం అన్నాడు. ఒక్క రైతైనా తీగలు పీక్కొచ్చి ఎవడి షాపులోనైనా పోశాడా? కొత్త పేరు రాసి ప్రపంచమంతా అమ్ముకున్నారు. తెలివంటే అదీ."

"అయితే మమ్మల్నీ వందేళ్ళు ఆగమంటావు," అన్నాడు మాలిక్. "మా మునిమనవళ్ళకి ఘాటొస్తుందేమోలే."

"నువ్వే కొత్త పేరు పెట్టి కొనుక్కోరాదూ?" అంది కోటేశ్వరి. "తెలివి నీకుందిగా."

చదువుకున్న పిల్ల, గట్టిగా అడుగుతుందని కోటేశ్వరి తన అక్క కూతురు భానుశ్రీని వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల అరలోంచి అమ్మకానికున్న ప్యాకెట్ ఒకటి తీసి, దాని లేబులును గోటితో గీకింది. తేజ ఊడింది. కింద ఇంకో లేబులు, ఇంకో రకం పేరు.

"వాళ్ళు తెలియక పెంచారండి," అంది. "మీరు తెలిసి అతికించారు. మా పిన్ని దగ్గరున్న ఖాళీ ప్యాకెట్ మీద కూడా ఇంతే."

వెంకటనారాయణ మొహంలో రంగు మారింది. కానీ గొంతు తగ్గలేదు.

"సరే, వెళ్ళి కేసు పెట్టుకోండి. లైసెన్సు నా పేరునుంటే కదా. వ్యవసాయం డిగ్రీ ఉండాలన్నారు, నాకెక్కడిది? ఎవరో పిల్ల సర్టిఫికెట్ అద్దెకిస్తే ఏజెంటు తెచ్చాడు. అందరూ చేసేదే. నేను దాని మొహం కూడా చూళ్ళేదు. కేసంటూ పెడితే ముందు జైలుకి పోయేది అదే."

ఈయన మెడ వంచుదామని వచ్చినవాళ్ళకి ఎవరిదో ఆడపిల్ల మెడ అడ్డం వచ్చింది. కోటేశ్వరి కాయల్ని మళ్ళీ సంచిలోకి ఎత్తసాగింది.

"పోదాం పద మాలిక్. ఏ తల్లి కన్న బిడ్డో. వీడి మీద కోపానికి దాని బతుకెందుకు తియ్యాలి?"

"అట్లా రండి దారికి," అన్నాడు వెంకటనారాయణ. సీసా తుడుచుకుని బీరువాలో పెట్టబోయాడు.

భానుశ్రీ పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. తన చేతిసంచిలోంచి ఆధార్ కార్డు వెతికి తీసి, కాయల మధ్య పెట్టింది.

"ఎత్తకు పిన్నీ. ఉద్యోగం రాక సర్టిఫికెట్ అద్దెకిచ్చిన పిల్లని నేనే. ఆ గోడ మీది లైసెన్సులో ఉన్న పేరు నాదే. కేసులో మొదటి పేరు నాది రాయించు, రెండోది ఈయనది. సార్, ముందు మీరు బయటికొచ్చి షట్టరు దించండి. నా షాపులో ఇంకొక్క ప్యాకెట్ అమ్మడానికి వీల్లేదు."