గంట మోగితే

చర్చి వరండాలో తొమ్మిదో తరగతి పిల్లలకు అనిల లెక్కలు చెబుతోంది.

"నిజమో అబద్ధమో తేల్చగలిగే వాక్యమే ప్రవచనం. 'నువ్వెప్పుడొస్తవ్?' అన్నది ప్రవచనమా?"

"కాదక్కా, ప్రశ్న!"

"మరి 'ఇది అయితే అది అయితది' అనే రకం ఒకటి చెప్పుండ్రి."

జోయల్ లేచాడు. "ఎల్లారెడ్డి నుంచి ఆటో వస్తే అనిలక్క రోడ్డు దిక్కు చూస్తది!"

పిల్లలు గొల్లున నవ్వారు. అనిల కూడా నవ్వింది.

తండా అబ్బాయిని పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన అక్క మరియ, ఏదో ఒకరోజు ఆటో దిగుతుందని ఆమె ఆశ. ఆ అబ్బాయిని ఇంట్లో ఎవరూ చూడలేదు. అక్క పేరు నాన్న ఎత్తనివ్వడు.

అంతలో ఆటో వచ్చింది. అనిల చూసింది.

ఎవరో మనిషి దిగాడు. ఆమె బోర్డు వైపు తిరిగింది.

కాసేపటికి గంట మోగింది. ఒక్కో దెబ్బ, ఆగి ఆగి. ఊళ్లో ఎవరైనా పోతే కొట్టే తీరు.

చుట్టుపక్కల ఇండ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఆటో దిగిన మనిషే తాడు పట్టుకుని ఉన్నాడు.

సంఘపెద్ద యాకూబు, అనిల తండ్రి, తాడు లాక్కున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఎవలు సచ్చిండ్రని కొట్టినవ్?"

"కొట్టుమన్నరు, కొట్టిన బాపు."

"మా ఊరోళ్లందరు మంచిగనే ఉన్నరు!"

ఆ మనిషి ఆయన ముఖంలోకి చూశాడు.

"అందరా బాపు?"

"అందరు! ఇంటింటికి తిప్పి చూపియ్యాల్నా?"

అతను ఏదో అనబోయాడు. అనిలను చూసి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చేతపట్టుకుని వెళ్లిపోయాడు.

"పొద్దుగాలనే తాగిండు," అన్నారెవరో.

పిల్లలు మళ్లీ కూర్చున్నారు.

"అక్కా, ఎవలన్న పోతే గంట మోగుతది గదా?" అంది బుజ్జి.

"అవును. కానీ గంట మోగితే ఎవరో పోయినట్టేనా? తిప్పి చెబితే నిజం కావాలని లేదు. ఇప్పుడే చూసిండ్రు గదా, గా తాగుబోతాయన పుణ్యాన!"

నవ్వుకుంటూ రాసుకున్నారు.

ఆటోల దగ్గర మక్కకంకులు కాల్చే సాలవ్వ రొప్పుతూ వచ్చింది.

"గాయన ఏడ్సుకుంట ఆటో ఎక్కిండే అనిలా. ఏందయ్యా అంటే, 'మా ఇంటామె పాణం పొయ్యే ముంగట, మా ఊర్ల గంట కొట్టియ్యి అన్నది అవ్వా' అన్నడు."

అనిల చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఎవరాయన?"

సాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ బావ, బిడ్డా."