మీటరు మాట

కంచరపాలెం చర్చిలో పెళ్లికూతురి వెనక కిటికీ, అందులోంచి ఎండ. ఎదురెండలో వెలుగు కొలిచే కెమెరా మీటరు మోసపోతుందని, ముప్పై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తూ అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. మామూలుగా పెంచేంత వెలుగు పెంచాను. అయినా కెమెరా తెర మీద బొమ్మ నా కంటికి మసకే. ఇంకా పెంచాను.

ఫోటోల్లో గౌనూ మొహమూ కలిసి సున్నం కొట్టిన గోడలా వచ్చాయి. మీటరు పాడైందని ఇంట్లో చిందులేశాను.

మా ఆవిడ ఫ్లోరా క్యాలెండరు చూపించింది. "ముందు ఆ తేదీ ఏటో సదువు."

చదవలేకపోయాను.

శుక్లం ఆపరేషనయ్యి కట్టు విప్పగానే ఎదురుగా ఫ్లోరా.

"నీ జుట్టెప్పుడు నెరిసిపోనాదే?"

"అయిదేళ్లయింది. ఊళ్లో పెళ్లికూతుళ్లందర్నీ సూసొచ్చావు గానీ, నన్నెప్పుడు సూసావు?"