ఎడమవైపు ఫొటోలు

“ఈ గోడ మీద ఒక్క మొహమూ నిజం కాదు, చూస్తూ ఉండు,” అంది చెల్లెలు, అక్క చెవి దగ్గర.

అక్క వినిపించుకోలేదు. నూనె కంపెనీవాళ్ల హాల్లో నేల నుంచి పైకప్పు దాకా ఫొటోలే. అన్నీ జంటలు. ఎడమవైపు ‘వాడక ముందు’ అని నున్నటి తల, కుడివైపు ‘వాడిన తర్వాత’ అని నడుము దాటిన జుట్టు. ఒక్కో జంటలో ఒకే ఆడమనిషి. అక్క స్కార్ఫు సవరించుకుంటూ ప్రతి జంట ముందూ ఆగుతోంది.

పెద్ద జ్వరమొకటి వచ్చి ఆమె జుట్టునంతా ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత ఆమె బడికి వెళ్లి పాఠాలు చెప్పడం మానేసింది. కిటికీ తెరవడం కూడా మానేసింది. జుట్టు దానంతట అదే వస్తుంది, కాస్త ఓపిక పట్టమన్నాడు డాక్టరు. ఓపిక పట్టమనేవాళ్లందరికీ నెత్తినిండా జుట్టుంటుందని అక్క తలుపేసుకుంది. టీవీలో పొద్దస్తమానం వచ్చే ఈ నూనె ప్రకటన ఒక్కటే ఆమెను మళ్లీ కంచం ముందు కూర్చోబెట్టింది. ప్రకటనకు ఫొటో ఇచ్చేవాళ్లకు నూనె ఉచితమని తెలిసి, అక్క తనూ చెల్లెలూ కలిసి దిగిన ఫొటో ఒకటి వాళ్లకు పంపింది. ఇద్దరినీ రమ్మని కబురొచ్చింది.

చెల్లెలు పనిచేసేది మందుల దుకాణంలో. ఇలాంటి సీసాలు చాలానే అమ్మింది. కొన్నవాళ్లే మళ్లీ వచ్చి ఇంకో కంపెనీది ఇమ్మనడం తప్ప, ఎవరి తలమీదా కొత్త వెంట్రుక మొలిచిన జాడ ఆమెకు కనపడలేదు. ఈ బండారమేదో అక్క కళ్లముందే బయటపెట్టి ఇంటికి తీసుకుపోదామని వచ్చింది.

అక్కడ పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. అందరూ తలకు బిగించి స్కార్ఫులు కట్టుకున్నారు. నడిస్తే చెప్పుల చప్పుడు కూడా లేదు. మంచినీళ్లు తెచ్చిన ఒకావిడ చెల్లెలి వెనక్కి వెళ్లి, ఆమె జడను అరచేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, పడుకున్న పసిపిల్లను దించినట్టు మెల్లగా వదిలింది. మీరూ ఈ నూనే రాస్తారా అని చెల్లెలు అడిగితే, మేనేజరు గది వైపు ఒకసారి చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

చెల్లెలు జడను ముందుకు లాక్కుంది. ధైర్యం కోసం హాస్యమాడింది.

“ఇదిగో, ఈమెను చూడు. రెండు ఫొటోల్లోనూ గడ్డం మీద అదే మొటిమ. జుట్టు నడుము దాకా పెరిగిందట గానీ మొటిమ మాత్రం మానలేదట.”

“నీకు అన్నిటికీ వంకలే,” అంది అక్క. “ఎడమవైపు వాళ్ల కళ్లు చూడు, ఎలా వాచిపోయాయో. జుట్టు పోయినదానికి తెలుస్తుందే ఆ ఏడుపు. అది నటన కాదు.”

నిజమే. కుడివైపు అందరూ నవ్వుతున్నారు. ఎడమవైపు అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

మేనేజరు ఎప్పుడొచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు. ఇవన్నీ విగ్గులా, కంప్యూటరు మాయలా అని చెల్లెలు మొహం మీదే అడిగేసింది. ఆయనకు కోపం రాలేదు.

“విగ్గు కాదు తల్లీ, కంప్యూటరూ కాదు. అది ఆవిడ జుట్టే, ఇది ఆవిడ తలే. మేం ఒక్క గీత కూడా దిద్దం.” ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అక్కాచెల్లెళ్లా? అచ్చు గుద్దినట్టున్నారు.”

చెల్లెలికి గుట్టంతా అప్పుడు తెలిసిపోయింది. అక్క తల ఎడమవైపు, తన జడ కుడివైపు. అంతే, ఒక జంట తయారు. అక్కను పక్కకు లాగి అదే చెప్పింది.

అక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. “తెలుసులేవే. అయినా సరే, నాకోసం ఒక్క ఫొటో దిగు. ఈ ఒక్కసారీ రాసుకోనీ. రాకపోతే నువ్వు చెప్పినట్టే వింటా. బోడితలతోనే బడికి పోతా.”

చెల్లెలు ఎటూ తేల్చుకోలేకపోయింది. దుకాణంలో ఈ ఫొటోనే చూసి సీసా అడగబోయేవాళ్లు కళ్లముందు కదిలారు. కానీ జుట్టు ఎలాగూ దానంతట అదే వస్తుంది. ఆ పేరు నూనెకు పోతే పోనీ, అక్క కిటికీ తెరిస్తే చాలు. సరేనంది.

మేనేజరు స్వయంగా సీసాల పెట్టె తెచ్చి అక్క చేతుల్లో పెట్టాడు. అక్క దాన్ని గుండెకు హత్తుకుని నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఇక వెనక్కి తగ్గే దారి లేదనుకుంది చెల్లెలు.

లోపలి గదిలో తెల్లటి తెర, నాలుగువైపులా దీపాలు. ఇందాక మంచినీళ్లు తెచ్చిన ఆవిడే వచ్చి జడ విప్పి, చిక్కు తీసి, కొసల దాకా దువ్వింది. ఎంత నెమ్మదిగా దువ్వుతోందంటే, ఫొటోగ్రాఫరు రెండుసార్లు గొంతు సవరించాల్సి వచ్చింది. నవ్వమన్నాడు. చెల్లెలు అక్క నవ్వును తలచుకుని నవ్వింది. మేనేజరు ఫొటో చూసి, అద్భుతంగా వచ్చిందని మెచ్చుకున్నాడు.

“అయితే అక్కను పిలుస్తా, తన ఫొటో కూడా తీసేయండి,” అంటూ లేవబోయింది.

“ఆవిడ ఫొటో మాకెందుకు తల్లీ? కూర్చోండి.”

వెనక తలుపు గడియ పడింది. జుట్టు దువ్విన ఆవిడే తెల్లటి దుప్పటి తెచ్చి చెల్లెలి మెడ చుట్టూ కప్పి, బిగించి ముడివేసింది. విప్పిన జుట్టంతా దుప్పటి మీదికి తీసి పరిచింది. చెల్లెలు అర్థంకాక మేనేజరు వైపు చూసింది.

“వాడక ముందు ఫొటో ఎప్పుడూ ఆఖర్నే తీస్తాం.”