లంగోటా నియమం

“ఆడదాని వల్ల కాకుండా ఈ మంట ఇంకే దారిన రావచ్చో చెప్పండి, బాయీ,” అన్నాడు వస్తాదు ధోండీబా.

డాక్టర్ సులభా ఇనాందార్ కలం పక్కన పెట్టింది. కొల్హాపూర్‌లో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆమె మల్లయోధుల భుజాలూ మోకాళ్లూ చూస్తూనే ఉంది. తన భుజం జారినా ఆమె గుమ్మం తొక్కని వస్తాదు ఇవాళ శిష్యుణ్ణి వెంటబెట్టుకొని రావడమే వింత. ఈ ప్రశ్న అంతకన్నా వింత. అతడి తాలీంఖానాలో బ్రహ్మచర్యం తొలి నియమం. మూత్రానికి వెళితే మంటగా ఉందన్నవాడు స్త్రీ దగ్గరికి వెళ్లినట్టే లెక్క. సాయంత్రానికల్లా వాడి పెట్టె వీధిలో ఉంటుంది.

ఈసారి ఆ మాట అన్నవాడు సర్జేరావ్ ఖోత్. ఇరవై రెండేళ్లవాడు. ఆదివారం మైదానంలో వెండి గద కోసం సాంగ్లీ మల్లుడితో తలపడవలసినవాడు. గట్టి చెక్క బల్ల మీద బాసింపట్టు వేసుకొని నిబ్బరంగా కూర్చున్నాడు.

“మీరూ కూర్చోండి,” అంది డాక్టరు వస్తాదుతో.

“వీడి తప్పేమిటో తేలేదాకా వీడి సరసన కూర్చోను.” అరవై నాలుగేళ్ల వస్తాదు ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు.

“పోయిన సంవత్సరం గడ్‌హింగ్లజ్ నుంచి వచ్చిన పాండూ కూడా ఇదే మాటన్నాడు. అప్పుడు ఈ దారులన్నీ అడిగారా?”

“అప్పుడు తెలియలేదు.”

“అడగలేదు. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు. పంతొమ్మిదేళ్లవాడి పేరు ఊరంతా చెడగొట్టి పంపారు. ఇప్పుడు గద చేజారుతుందనేసరికి న్యాయం గుర్తొచ్చింది.”

“తిట్టండి బాయీ, పడతాను. కాని చెప్పండి.”

ఆమె పాఠం చెప్పినట్టు చల్లగా చెప్పింది. సుఖవ్యాధులు ఒక కారణం, అంతే. రాయి జారుతున్నా మంట పుడుతుంది. మూత్రాశయానికి క్రిములు పట్టినా, గంటల తరబడి సైకిలు సీటు ఒత్తినా, వాసన సబ్బు పడకపోయినా పుడుతుంది. “పెద్ద వయసులో ప్రోస్టేట్ గ్రంథి వాచినా సరే.”

“పెద్ద వయసంటే ఎంత?”

“వీడికి ఇరవై రెండు. మీకెందుకు?”

“ఊరికే.”

డాక్టరు పరీక్ష కాగితం తీసింది. “చీము లేదు, రక్తం లేదు. మా పంపు నీళ్లకన్నా శుభ్రంగా ఉంది. ఎప్పటినుంచి మంట?”

సర్జేరావ్ వస్తాదు వైపు చూశాడు. “మంగళవారం నుంచండీ.”

“ఎంత మంట?”

“గోడ పట్టుకొని నిలబడి, పళ్ల మధ్య ఉస్సుమనేంత.”

“సరిగ్గా అంతే!” అన్నాడు వస్తాదు. మరుక్షణమే, “అని వీడు నాతో చెప్పాడు,” అని చేర్చాడు.

“నోరు విప్పితే పెట్టె వీధిలో పడుతుందని తెలుసుగా? మరెందుకు చెప్పావు?”

“చెప్తేనేగదండీ మీ దగ్గరికి రావడం కుదిరేది.”

“లంగోటా ఎలా ఉతుకుతావు?”

“వస్తాదు గారు కొత్త నియమం పెట్టారండీ. సబ్బుపొడి వేసి ఉతికాక, బకెట్‌కి మూత నిండా ఫినాయిల్. ఒక్కసారే జాడించాలి.”

“ఫినాయిలా? దేనికి?”

“పవిత్రత కోసం,” అన్నాడు వస్తాదు.

“అది నేల తుడిచేది. దానిలో నానిన గుడ్డను ఒంట్లో అత్యంత సున్నితమైన చోట బిగించి, రెండు పూటలా చెమటలు కక్కితే మంట పుట్టక చందనం పుడుతుందా?” డాక్టరు ఆగింది. “అయినా తాలీంఖానాలో నలభైమంది. మిగతావాళ్లకు లేదేం?”

“మిగతావాళ్లకు వస్తాదు గారి మాటంటే అంత భక్తి లేదండీ.”

“ఏంట్రా, వెయ్యట్లేదా?” వస్తాదు మీసాలు అదిరాయి. “రోజూ గుప్పుమని వాసన వస్తోంది కదరా!”

“అది మీ దండెం నుంచి, వస్తాదూ.”

వస్తాదు చటుక్కున డాక్టరు వైపు తిరిగాడు.

“అంటే... వీడు ఏ తప్పూ చేయలేదంటారు?” అన్నాడు.

“లేదు. ఆదివారం నిక్షేపంగా ఆడతాడు. పాండూ సంగతేమిటో నన్ను చూడనివ్వనేలేదు మీరు. వెళ్లి, నలుగురి ముందూ తప్పు ఒప్పుకొని పిలుచుకురండి.”

“రేపే వెళ్తాను. బస్సులో నిలబడైనా వెళ్తాను.” అతడి గుండెల నిండా ఊపిరి దిగింది. “మందు చీటీ రెండు రాయండి, బాయీ. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.”

డాక్టరు కళ్లజోడు మీంచి అతణ్ణి తలనుంచి కాళ్లదాకా చూసింది. ఇంకేమీ అడగకుండా ఖాళీ సీసా ఒకటి అందించింది. “ఆ తలుపు వెనక్కి వెళ్లండి. పోల్చి చూడటానికి.”

నలభై ఏళ్లుగా ఎవరి ముందూ తల వంచని మనిషి తల వంచుకొని సీసా పట్టుకెళ్లాడు. కొద్దిసేపటికి తలుపు వెనక నుంచి పొడుగాటి ఉస్సు వినిపించింది.

డాక్టరు మంట తగ్గే మందు రెండు సీసాలు బల్ల మీద పెట్టింది. “ఒకటి ఆయనకు, ఒకటి నీకు. నీళ్లలో కలిపి మూడు పూటలా తాగండి.”

సర్జేరావ్ రెండో సీసాను కూడా మొదటిదాని పక్కకు జరిపాడు.

“అదేం? నీకొద్దా?”

అతడు మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నేనెప్పుడూ ఫినాయిల్ వెయ్యలేదండీ.”