రెండో తాళం

గ్లెనిస్ తన వంతు కోసం నిలబడి ఉండగా, ముందున్న కుర్రాడు చార్జరు బేరం సగంలో వదిలేసి, తల వంచుకుని బయటి ఎండలోకి వెళ్ళిపోయాడు. ఒక అమ్మాయి పగిలిన ఫోను పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ పిల్ల పని చేయించుకుని వెళ్ళేదాకా అతను మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"ఏం, ప్రేమ బెడిసిందా?" అంది గ్లెనిస్.

ఫోన్లు బాగుచేసే సోసెఫో బల్ల వెనక నుంచి నవ్వాడు. "వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. మా టోంగా వాళ్ళలో అది మర్యాద. చెల్లెలున్న చోట అన్న కూర్చోడు. ఆమె దువ్వెన కూడా ముట్టుకోడు."

"మా అన్న నా సైకిలు అమ్ముకుని బీరు తాగాడు. నేను మీ దీవిలో పుట్టాల్సింది."

ఆస్ట్రేలియాలోని ఆ మిల్డూరా ఊళ్ళో ద్రాక్ష ప్యాకింగు షెడ్డుకి గ్లెనిస్ మేస్త్రి. ఆమె సంచిలోంచి ఒక పాత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రెండు నెలల క్రితం పనిలో చేరిన లోసా అనే పిల్లదట. దీవి నుంచి తెచ్చుకున్న ఫోను. ఇక్కడి సిమ్ వేస్తే ఒప్పుకోలేదు. గ్లెనిసే అక్కడి కంపెనీకి ఫోను చేసి, పోట్లాడి, తాళం తీసే అంకె సంపాదించింది. సిమ్ పని చేసింది. కానీ సిమ్ మార్చడానికి ఆపి మళ్ళీ వెలిగించిన ఫోను ఇప్పుడు వేలిముద్ర ఒప్పుకోవడం లేదు, రహస్య అంకెలే కావాలంటోంది. ఇన్నేళ్ళూ వేలితోనే తెరిచిన పిల్లకి ఆ అంకెలు గుర్తులేవు.

"తాళం తీయించాను కదా, మళ్ళీ ఈ తాళం ఏమిటి?"

"మీరు తీయించింది గేటు తాళం," అన్నాడు సోసెఫో. "ఏ కంపెనీ బండి లోపలికి రావాలో చెప్పేది అదే. దాంతో ఇంట్లో సామానుకి ఏమీ కాదు. ఇది తలుపు తాళం."

"బస్టాండు దగ్గర దుకాణం వాడు బూట్‌లోడరు తాళం తీస్తే సరిపోతుందన్నాడు. ఇవాళే ఇమ్మన్నాడు."

సోసెఫో చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "ఇవ్వకండి. అది పునాదికి వేసిన తాళం. తీస్తే ఫోను మన చెప్పుచేతల్లోకి వస్తుంది, నిజమే. కానీ అది తెరుచుకునే ముందు ఇల్లంతా ఊడ్చి పారేస్తుంది. ఫొటోలు, మాటలు, ఏదీ మిగలదు."

"మరి ఆ మాటే చెప్పలేదు వెధవ," అంది గ్లెనిస్. గొంతు తగ్గించింది. "మిగలకపోతే ఎట్లా సోసెఫో? ఆ పిల్ల తల్లి పోయిన ఏడు పోయింది. చెట్టు బెరడు దంచి బట్ట చేస్తారట కదా, అది దంచుతూ ఆవిడ పాడిన పాట ఇందులోనే ఉంది. నాలుగు నిమిషాలు. ఇంకెక్కడా లేదు."

మాటల్లో ఆమె వేలు తగిలి తెర వెలిగింది, దాని మీద లోసా ఫొటో కనిపించింది. సోసెఫో ఒక్క చూపు చూసి, జేబురుమాలు తీసి ఫోను మీద కప్పాడు.

"ఏం, దానికి చలేస్తోందా?"

అతను రుమాలు అంచులు సరిచేశాడు. "బెరడు దంచే చప్పుడు కూడా వినిపిస్తుందా అందులో?" అని అడిగాడు.

"నేనెక్కడ విన్నాను? తెరువు, ఇద్దరం విందాం."

బల్ల కింద సోసెఫో మోకాలు సొరుగుకి ఆనుకుని ఉంది. సొరుగులో అరచేయంత పెట్టె ఉంది. పాత ఫోన్లకి తగిలిస్తే అంకెలన్నీ వరసగా పెట్టి చూసి తలుపు తీస్తుంది. మొన్న శుక్రవారం ఒక బాదం తోట రైతుకి సరిగ్గా ఇదే రకం ఫోను రెండు గంటల్లో తెరిచి ఇచ్చాడు. ఒక్క ఫొటో పోలేదు.

"ఇది నా వల్ల కాదు," అన్నాడు.

"ఊరంతా నిన్ను తాళాల దేవుడంటుంది. ఈ డొక్కు పెట్టె దగ్గర చేతులెత్తేశావా?"

"నా వల్ల కాదు, గ్లెనిస్."

ఆమె నిట్టూర్చింది. అయితే బస్టాండు వాడికే ఇస్తానంది. పాట పోతే పోయింది, పరాయి దేశంలో ఆడపిల్లకి చేతిలో ఫోనైనా ఉండాలి కదా అంది.

సోసెఫో లేచి అరలోంచి మరమ్మతు చేసిన మంచి ఫోను ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. దీన్ని వాడుకోమనండి, డబ్బేమీ వద్దన్నాడు. పాతదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దని, దాచుకోమని, అంకెలు ఏదో ఒక రోజు వాటంతటవే గుర్తొస్తాయని చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల వైపే చూశాడు.

"ముక్కూ మొహం తెలియని పిల్లకి ఎందుకయ్యా ఇంత?" అని గ్లెనిస్ అతన్ని ఎగాదిగా చూసింది. "మరీ మెతక మనిషివి. పోనీ, పిల్లని పిలుస్తాను, నీ మాట నువ్వే చెప్పు. లోపలికి రమ్మంటే రానంది, ఎదురుగా రొట్టెల కొట్టు దగ్గర నిలబడింది."

"వద్దు. ఎండగా ఉంది. మీరు వెళ్ళండి."

పాత ఫోనుని జేబురుమాలుతోనే చుట్టి ముందుకి జరిపాడు. గ్లెనిస్ రెండూ తీసుకుని రోడ్డు దాటింది. దుకాణం అద్దంలోంచి సోసెఫోకి కనిపిస్తూనే ఉంది. కొత్త ఫోను ఆ పిల్ల చేతిలో ఊరికే వేలాడుతోంది. జేబురుమాలు మూటని మాత్రం రెండు చేతులా గుండెకి ఆనించుకుంది. కళ్ళెత్తకుండా, దుకాణం వైపు తిరిగి తల వంచింది.

సోసెఫో కూడా తల వంచాడు.

పాడిన తల్లి ఇద్దరికీ ఒక్కతే, ఫోను మాత్రం చెల్లెలిది.