మురికి పట్టిన ముత్యాలు

"చింతపండు నీళ్ళలో నానబెట్టావా?" భానుమతి గిన్నె అందుకుంది.

"మా కడపలో వెండి పట్టీలు అట్లనే తోముతాం గదమ్మా. బీరువా సర్దుతుంటే దండ జిడ్డు పట్టి పచ్చగా కనపడింది. రేపు పార్టీకి మీరు వేసుకుంటారని..."

పనిమనిషి మాబున్నీసా గిన్నెలోకి తొంగిచూసింది. లోపల ముత్యాలు సున్నపు ఉండల్లా వెలిసిపోయి ఉన్నాయి. దోహాలో ఈ ఇంటి పని పోతే, ఇక ఊరి విమానం ఎక్కాల్సిందే.

"తప్పయిపోయిందమ్మా, నన్ను పంపించొద్దు. ఇక్కడి సూక్ బజారులో ముత్యాల అంగళ్ళున్నాయంట. మళ్ళా మెరుగు పెట్టిస్తా."

భానుమతి దండను నీళ్ళలోంచి తీసి ముక్కుకు ఆనించుకుంది. పూస పూసా వెతికింది.

"మెరుగు ఎవరడిగారు, బున్నీ? ఇది మా అమ్మ మెడలోది. ఆవిడ పోయినప్పుడు టికెట్టు దొరక్క, ఆఖరిచూపుకి అందలేదు నేను. చెల్లెలు దీన్ని తుడవను కూడా తుడవకుండా పంపింది. పౌడరు, చెమట, తలనూనె... అమ్మ వాసన అలాగే ఉండేది."

మాబున్నీసా తడిచేతులు కొంగులో దాచుకుంది. ఆ వాసన ఏ అంగట్లో అడగాలి?

"తిట్టండమ్మా," అంది. "పంపించేసినా సరే, ఒక మాట తిట్టండి."

భానుమతి కళ్ళు మూసుకుని, దండను మళ్ళీ ముక్కుకు ఆనించుకుంది.